భద్రపరచిన పిండాల విషయంలో అలబామా చట్టం తెలిసినవారి సలహా కావాలి

అందరికీ నమస్కారం. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉంటున్న మేము ఐవీఎఫ్ (శరీరం వెలుపల, ప్రయోగశాలలో పిండాన్ని రూపొందించే చికిత్స) ద్వారా ఒక పాపకు తల్లిదండ్రులమయ్యాం. మిగిలిన నాలుగు పిండాలు క్లినిక్‌లోనే, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉన్నాయి. గర్భం వెలుపల ఉన్న పిండానికి కూడా 1872 నాటి మైనర్ల మరణ పరిహార చట్టం (బిడ్డ మరణానికి కారణమైనవారిపై తల్లిదండ్రులు దావా వేసే వీలిచ్చేది) వర్తిస్తుందని మా రాష్ట్ర సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 16న తీర్పు చెప్పడంతో కొన్ని క్లినిక్‌లు చికిత్స నిలిపివేయడం, ఆపై మార్చి 6న గవర్నర్ సంతకంతో కొత్త చట్టం రావడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ చట్టం చికిత్స చేసేవారికి, చేయించుకునేవారికి దావాల నుంచి, కేసుల నుంచి రక్షణ ఇచ్చిందే తప్ప, పిండాన్ని బిడ్డగా చూడాలా వద్దా అన్న అసలు ప్రశ్న జోలికి పోలేదు. నా బెంగంతా అక్కడే.

ఈ ఏడాది నిల్వ రుసుము బిల్లుతో వచ్చిన పత్రంలో మూడు గడులున్నాయి: నిల్వ కొనసాగించడం, పరిశోధనకు ఇవ్వడం, తీసివేయడం. మూడో గడి మీద పెన్ను ఆనించి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. ఇక పిల్లలు వద్దనుకున్నాం కాబట్టి (మా అత్తగారికి ఇంకా చెప్పలేదు) నిర్ణయం మాకు కష్టం కాదు, సంతకమే భయం.

చికిత్స ముగిసిన తర్వాత మేమిచ్చే రాతపూర్వక సమ్మతికి కూడా ఆ రక్షణ వర్తిస్తుందా? పిండాలను వేరే రాష్ట్రానికి తరలించినవారు ఎవరైనా ఉంటే, దారిలో నష్టం జరిగితే బాధ్యత ఎవరిదని ఒప్పందంలో రాసుకున్నారు? కుటుంబ న్యాయవాదిని కలవాలా, వైద్య చట్టాలు చూసేవారినా అన్నది కూడా దయచేసి చెప్పగలరు.