పిసాలో మగపిల్లలు ముందుంటే, మన కుర్రాళ్ళు లెక్కల్లో ఎందుకు తప్పుతున్నారు?

గుణుపూర్ నాన్న:
పిసా అని ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాల కూటమి) వాళ్ళు పదిహేనేళ్ళ పిల్లలకి పెట్టే పరీక్ష ఉంది. 2022లో లెక్కల్లో మగపిల్లలు ఆడపిల్లల కంటే సగటున 9 పాయింట్లు ముందున్నారు. అంటే మగపిల్లల బుర్రలో లోటేమీ లేదు. మరి ఇక్కడ ఒడిశాలో, గుణుపూర్, పర్లాకిమిడి, రాయగడల్లో మన తెలుగు కుర్రాళ్ళు లెక్కలు తప్పి ఊరొదిలి పోతున్నారు. తప్పు బళ్ళదే అంటాను నేను.

పర్లాకిమిడి మాస్టారు:
31 ఏళ్ళు లెక్కలు చెప్పాను, అందుకే రాస్తున్నాను. ఆ 9 ఓఈసీడీ దేశాల సగటు తేడా. ఫిన్లాండులో ఆడపిల్లలే ముందున్నారు. 2022లో మన దేశం ఆ పరీక్ష రాయనే లేదు. 2009 విడతకి కొనసాగింపుగా తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ రాస్తే లెక్కల్లో 74 దేశాలు, ప్రాంతాల్లో 72, 73 స్థానాలొచ్చాయి. అక్కడి అంకె తెచ్చి మన పిల్లల మీద పెడితే ఎలా?

బరంపురం ఆడపడుచు:
మా అన్నకి ట్యూషన్ పెట్టారు, నాకు పెట్టలేదు. ఆ 9 పాయింట్లు ఎక్కడినుంచి వస్తాయో నన్నడగండి.

గుణుపూర్ నాన్న:
అమ్మా, ఆడపిల్లల్ని నేనేమీ అనలేదు. మాస్టారండీ, 9 ఉందా లేదా? ఆ మాట చెప్పండి చాలు.

రాయగడ స్టేషన్:
ఉంది.

జయపురం రైతు:
పాయింటంటే మార్కా? వందకి 9 అంటే చాలా ఎక్కువే కదా.

పర్లాకిమిడి మాస్టారు:
వందకి కాదు బాబూ. ఓఈసీడీ సగటు 472, సింగపూర్‌ది 575. 420 దగ్గర రెండో స్థాయి మొదలవుతుంది. అది అందితే పిల్లవాడు మామూలు బతుకులో ఎదురయ్యే లెక్కని లెక్కగా గుర్తుపట్టగలడని అర్థం. ఓఈసీడీ దేశాల్లోనే వందకి 31 మంది అది అందుకోలేదు. ఆ 31 మంది గురించి మాట్లాడాలి. మగా ఆడా 9 దగ్గరే చిక్కుకుపోతే ఏటి లాభం? అందులో ప్రశ్నలు ఒట్టి కూడికలు, తీసివేతలు కావు, చదివి అర్థం చేసుకోవలసిన కథల్లా ఉంటాయి. మన కుర్రాళ్ళు చదవడం మానేశారు. చేతిలో ఫోను, బండి మీద తిరుగుడు. ముప్పై ఏళ్ళు చూశాను, ఆడపిల్లలు కూర్చుని చేస్తారు, వీళ్ళు చెయ్యరు.

గుణుపూర్ నాన్న:
ఫోనూ బండీ అన్నారు కనక ఒకటి అడుగుతాను. బడి మానేసిన పిల్లల్ని పిసాలో లెక్కేస్తారా?

పర్లాకిమిడి మాస్టారు:
వెయ్యరు. ఏడో తరగతో, ఆ పైదో చదువుతున్న పదిహేనేళ్ళవాళ్ళనే తీసుకుంటారు.

గుణుపూర్ నాన్న:
అంటే మనవాళ్ళు ఆ పరీక్ష రాసినా మావాడు అందులో ఉండేవాడు కాదు. పదిహేను నిండిన ఏడే తొమ్మిదో తరగతి మానేశాడు. ఇప్పుడు 17. సూరత్‌లో మగ్గాల దగ్గర ఉన్నాడు. మా ఇంట్లో బండి లేదు మాస్టారండీ. ఫోను కూడా వాడు వెళ్ళేటప్పుడే కొన్నాను.

ఏడో తరగతి దాకా తెలుగు బడి. లెక్కల్లో వాడే ఫస్టు. మా దగ్గర ఎనిమిది నుంచి తెలుగు బడి లేదు, ఒడియా బళ్ళో వేశాను. మనం క.సా.గు. అంటాం, వాళ్ళు ల.సా.గు. అంటారు. మనకి గ.సా.భా., వాళ్ళకి గ.సా.గు. భిన్నమంటే భగ్నాంశ. పుస్తకంలో అంకెలు కూడా ఒడియావే. వాళ్ళ నాలుగుని చూసి మావాడు ఎనిమిది అనుకునేవాడు. నాలుగుని ఎనిమిది చేశాక, ఎంత బుర్రున్నా జవాబు ఎలా వస్తుంది? అక్కడి మాస్టారు వాణ్ణి మొద్దబ్బాయి అని బెంచీ ఎక్కించాడు. ఏడో తరగతి ఫస్టుని.

మా వీధికొచ్చి, "మన భాష నిలవాలి, పిల్లల్ని తెలుగు బళ్ళోనే ఉంచండి" అని ఇంటింటికీ చెప్పింది మీలాంటి మాస్టర్లే. నేను విన్నాను. పక్కింటాయన వినలేదు, ఒకటో తరగతి నుంచే ఒడియాలో వేశాడు. వాళ్ళ అబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు.

రాయగడ స్టేషన్:
ఇది ముందే చెప్పాల్సింది అన్నా.

పర్లాకిమిడి మాస్టారు:
నేనూ అలా తిరిగాను. మా ఊళ్ళో. దాచను. రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది, 1956లో చేర్చారు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో అమ్మభాషలో చదువు చెప్పే ఏర్పాటుండాలని. పిల్లలు లేకపోతే బడి మూసేస్తారు, అందుకే తిరిగాం. చిన్నతనంలో అమ్మభాషలో నేర్చిన లెక్క గట్టిగా ఉంటుందని ఇప్పటికీ నమ్ముతాను. మీవాడు ఏడులో ఫస్టు రావడానికి కారణం అదే.

గుణుపూర్ నాన్న:
ప్రాథమికం దాకా అని మీరే అంటున్నారు. ఆ తర్వాత వాగు దాటించడానికి ఎవరొచ్చారు? మీకు బడి నిలిచింది. నాకు పిల్లవాడు నిలవలేదు.

బరంపురం ఆడపడుచు:
నేను దాటాను బాబాయ్. మా అమ్మకి ఒడియా వచ్చు. ఏడో తరగతి సెలవుల్లో రోజూ అంకెలు దిద్దించింది, నోటుపుస్తకంలో అటు తెలుగు మాట, ఇటు ఒడియా మాట రాయించింది. రెండు నెలలు పట్టింది. అది బడి చెయ్యాల్సిన పని.

పర్లాకిమిడి మాస్టారు:
చెయ్యాల్సింది. నేను చెయ్యలేదు. ఏడు పూర్తయిన పిల్లల్ని పంపేసి, ఒకటో తరగతిలో ఎంతమంది చేరారో చూసుకునేవాణ్ణి. ఫోనూ బండీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

జయపురం రైతు:
కేంద్రం వాళ్ళ ఎన్ఐఓఎస్ సార్వత్రిక బడిలో (దూరవిద్య) పది తెలుగులోనే రాయొచ్చు. 14 నిండితే చాలు. మా తమ్ముడు అలాగే రాశాడు.

గుణుపూర్ నాన్న:
లెక్కలు కూడా తెలుగులోనా?

జయపురం రైతు:
లెక్కలూ తెలుగులోనే. అంకెలు మనకి అలవాటైన 1, 2, 3లే.

గుణుపూర్ నాన్న:
దీపావళికి వస్తానన్నాడు. అడుగుతాను. మాస్టారండీ, మీ మీద కోపం పోలేదు. కానీ వాడు ఊఁ అంటే పర్లాకిమిడి పంపుతాను, రెండు నెలలు కూర్చోబెట్టుకోండి.

పర్లాకిమిడి మాస్టారు:
పంపండి. మా ఇంట్లోనే ఉంటాడు.