ఆరోగ్య పాఠానికి మార్కులు పెట్టాలా? (ఒక చర్చా వేదికలో రాసుకున్న మాటలు)

తొమ్మిదో తరగతి తల్లి: 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడుల్లో ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. బడికి ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ, 11 అంశాలు, వారానికో పీరియడ్ అన్నారు. మా అమ్మాయికి ఆ పీరియడ్ ఉన్నట్టే తెలియదు. పరీక్షలో మార్కులు పెడితేనే చెబుతారు.

లెక్కల మాస్టారు: ఆ శిక్షణకు వెళ్లినవాణ్ణి నేను. భోజనం ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు, ఐరన్ మాత్రల రిజిస్టరు, ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర, ఇవన్నీ మా పనులే. పదో తరగతి ఫలితాలు తగ్గితే సంజాయిషీ అడుగుతారు. ఆరోగ్య పాఠం చెప్పారా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

తొమ్మిదో తరగతి తల్లి: మాత్రల మాట మీరే ఎత్తారు. మా అమ్మాయికి ఆ నీలం రంగు ఐరన్ మాత్ర పరగడుపున వేశారు. వాంతి చేసుకుంది. ఇప్పుడు మాత్ర ఇస్తే దాచి పారేస్తోంది.

లెక్కల మాస్టారు: మేం భోజనం అయ్యాకే వేస్తాం.

తొమ్మిదో తరగతి తల్లి: మీ బడి గురించి నేను అనలేదు.

ఏఎన్ఎం: భోజనం తరవాతే వేయాలి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, పరగడుపున కడుపులో తిప్పుతుంది. మలం నల్లగా వస్తుందని కూడా ముందే చెప్పాలి, లేకపోతే పిల్లలు బెదిరిపోతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది.

పాత విద్యార్థి: మా రోజుల్లో ఇవేవీ లేవు.

తొమ్మిదో తరగతి తల్లి: మీ రోజుల్లో రక్తం పరీక్ష చేసిందెవరండీ? మాస్టారూ, పని ఎక్కువని పాఠం ఎగ్గొడతారా?

లెక్కల మాస్టారు: ఎగ్గొట్టలేదమ్మా, చెప్పాను. రక్తహీనత గురించి చెబుతూ బోర్డు మీద నెలసరి అని రాశాను. మర్నాడు ఇద్దరు తండ్రులు వచ్చి కేకలు వేశారు. హెడ్మాస్టరు నన్నే మందలించారు. 2007లో మహారాష్ట్ర, కర్ణాటకల్లో కౌమార విద్యను, అంటే ఎదిగే పిల్లలకు శరీరంలో వచ్చే మార్పుల గురించి చెప్పే పాఠాలను, ఆపించింది కూడా ఇలాంటి గొడవే. దీనికి మార్కులు ఏం చేస్తాయి?

తొమ్మిదో తరగతి తల్లి: ఆ తండ్రుల్ని నేను తప్పు పట్టను. ఆడపిల్లలకు ఆ పాఠం టీచరమ్మే చెప్పాలి, విడిగా కూర్చోబెట్టి.

లెక్కల మాస్టారు: మా బడిలో టీచరమ్మ లేరు. ఉన్నా, మగపిల్లల్ని బయటికి పంపి చెబితే లాభమేమిటి? లంగా మీద మరక చూసి నవ్వేది వాళ్లే కదా!

తొమ్మిదో తరగతి తల్లి: నవ్వారు. మా అమ్మాయి మూడు రోజులు బడికి వెళ్లలేదు. ఇక్కడ రాయకూడదనుకున్నాను. అయినా సరే, దాని ముందు నిలబడి ఒక మగ మాస్టారు ఆ మాట చెప్పడానికి నేను ఒప్పుకోను.

ఏఎన్ఎం: మగపిల్లలకు మాస్టారు చెప్పవచ్చు కదమ్మా?