ఫ్లెక్స్ మీద అడ్డంగా తెల్లగీతలు పడుతున్నాయి, హెడ్ పోయినట్టేనా?

ప్రశ్న: అన్నలూ, మాది ఫ్లెక్స్ బ్యానర్లు ముద్రించే పది అడుగుల సాల్వెంట్ ఇంకు మెషీన్, ఇంకు చిమ్మే హెడ్లు నాలుగు, కోనికా 512ఐ. నిన్నటి నుంచి ప్రింటులో అడ్డంగా సన్నని తెల్లగీతలు. పెళ్లికూతురి ముఖం మీద గీత పడితే బ్యానర్ ఎవరు తీసుకుంటారు? చూసినాయన హెడ్ మార్చాలన్నారు. ఆ ఖర్చు తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. రేపు డెలివరీ.

జవాబు: తమ్ముడూ, అప్పుడే ఒప్పుకోకు. ముందు నాజిల్ టెస్ట్ ప్రింట్ తియ్యి, అందులో ఒక్కో నాజిల్ ఒక్కో చిన్న గీత వేస్తుంది. ఒక్కో హెడ్‌లో 512 నాజిళ్లు, అంటే ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు, ఉంటాయి. లోపలి సన్నని గదుల గోడలు పీజో పదార్థంతో చేసినవి. వోల్టేజి తగలగానే గోడ వంగి, ఇంకును చుక్కగా బయటికి నెడుతుంది. ఇంకు ఎండి రంధ్రం మూసుకుపోతే ఆ నాజిల్ గీత టెస్టులో కనిపించదు. అలా ఒక రంగులోనే గీతలు మాయమైతే పర్జ్ చేసి, అంటే ఇంకును ఒత్తిడితో బయటికి తోసి, ఫ్లష్ అనే శుభ్రం చేసే ద్రవంతో తడిపిన, నూగు రాలని గుడ్డను మెల్లగా ఆనించు. నాజిల్ ప్లేటును గట్టిగా రుద్దొద్దు, వేలు అసలే పెట్టొద్దు.

అడిగినవారు: టెస్ట్ తీశాను. నాలుగు రంగుల్లోనూ ఒక్క నాజిల్ గీత కూడా మాయం కాలేదు. అన్నట్టు, నిన్ననే కొత్త రోల్ ఎక్కించాం, పాతదానికంటే మందం.

జవాబు: అయితే దొరికింది! హెడ్ కాదు, స్టెప్. హెడ్లను మోసే క్యారేజ్ ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్తూ ఒక పట్టీ ముద్రిస్తుంది, తర్వాత మోటారు ఫ్లెక్స్‌ను లెక్కప్రకారం ముందుకు లాగుతుంది, ఆ లాగుడే స్టెప్. ఆ లాగుడు కాస్త ఎక్కువైతే పట్టీకీ పట్టీకీ మధ్య తెల్లటి సందు, తక్కువైతే ఒకదాని మీద ఒకటి ఎక్కి ముదురు గీత. రోల్ మందం, బిగింపు మారితే పాత స్టెప్ విలువ పనికిరాదు. స్కేలు పెట్టి చూడు, గీతలన్నీ సమాన దూరంలోనే ఉంటాయి. స్టెప్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ అడుగు ముక్క చొప్పున ముద్రించి చూడు. అప్పటికీ మిగిలితే రేపటి పనికి మూడు పాస్‌లకు బదులు ఆరు పాస్‌లు పెట్టు, అంటే ఒకే చోటి మీదుగా క్యారేజ్ ఆరుసార్లు వెళ్తుంది. ఒకే చోట వేర్వేరు నాజిళ్లు మళ్లీ మళ్లీ పడి సందులు కప్పేస్తాయి. టైమ్ దాదాపు రెట్టింపవుతుంది, అంతే.

మరో సభ్యుడు: నాదొక డౌట్. స్క్రీన్ మీద నీలం, ఫ్లెక్స్ మీద వంకాయ రంగు. ఎందుకు?

జవాబు: స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, మెషీన్ నాలుగు ఇంకులతో కలుపుతుంది. సయాన్ (లేత నీలం), మెజెంటా (ముదురు గులాబీ) రెండూ వంద శాతమే ఉంటే వంకాయ రంగే. మెజెంటా 70 శాతం దగ్గరికి దించి చిన్న ముక్క తీసి చూసుకోండి. ఇంకోటి, తెలుగు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మలుగా, మార్చి పంపండి. అవతల ఆ ఫాంట్ లేకపోతే ఒత్తులు చెదిరిపోయి పెళ్లివారి పేరే తప్పవుతుంది.

అడిగినవారు: అన్నా, స్టెప్ మూడుసార్లు తగ్గించాను. గీత లేదు! ఆరు పాస్‌లు పెట్టి బ్యానర్ ఎక్కించాను, ముఖం శుభ్రంగా వస్తోంది.

జవాబు: సంతోషం. ఆ విలువను ఆ రోల్ పేరుతో రాసి మెషీన్ మీద అంటించు తమ్ముడూ.