హాక్‌విండ్ 'స్పేస్ రిచువల్': ఇందులో మీకు అంతగా నచ్చేదేంటి?

గుంటూరుగిటార్:
పింక్ ఫ్లాయిడ్‌తో మొదలుపెట్టి ఈ మధ్య మెల్లగా స్పేస్ రాక్ (అంతరిక్షంలో తేలుతున్నట్టుండే రాక్ సంగీతం) వైపు వచ్చాను. ఎవర్ని అడిగినా ముందు హాక్‌విండ్ అనే బ్రిటిష్ బ్యాండ్‌ను వినమంటారు, అందులోనూ 1973లో వచ్చిన లైవ్ డబుల్ ఆల్బమ్ 'స్పేస్ రిచువల్' వినకపోతే విననట్టే అంటారు. సరే అని పెట్టాను, సగంలో ఆపేశాను. ఒకే రిఫ్ (తిప్పి తిప్పి వాయించే చిన్న ముక్క) పది నిమిషాలు పోతుంది, గొంతు ఎక్కడో వెనకనుంచి వినపడుతుంది, మధ్యలో ఒకాయన వచ్చి కవిత చదువుతాడు, సాక్సోఫోన్ దాని దారిన అది పోతుంటుంది. గిటార్ సోలో ఎప్పుడొస్తుందా అని చూసి చూసి విసుగొచ్చింది. అదే ఏడాది మార్చిలో వచ్చిన ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' పక్కన పెట్టి చూస్తే ఇది షెడ్డులో రికార్డు చేసినట్టుంది. వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా, మీరు ఇందులో ఏం వింటారు?

లోగొంతు:
సోలో కోసం గిటార్ వైపు చూశారు, చిక్కంతా అక్కడే. బ్యాండ్ గిటారిస్టు డేవ్ బ్రాక్ ఇక్కడ సోలోలకు పోడు, రిఫ్‌ను పట్టుకుని వదలకపోవడమే ఆయన పని. పాటలో అటూ ఇటూ తిరిగేది బేస్. అది వాయించింది లెమ్మీ, తర్వాత మోటార్‌హెడ్ పెట్టినాయన. 1971లో ఈ బ్యాండ్‌లో చేరేదాకా గిటారిస్టే, బేస్ వాయించిన అలవాటే లేదు. అందుకే కింద ఒక్కో నోటు వేసుకుంటూ కూర్చోడు, రెండు తీగలు కలిపి గిటార్ కార్డుల్లా (ఒకేసారి మోగే స్వరాల్లా) కొడతాడు, ఉన్నట్టుండి పైకెళ్ళి ట్యూన్ అందుకుంటాడు, మళ్ళీ సైమన్ కింగ్ డ్రమ్స్ దగ్గరకొచ్చి కలుస్తాడు. 'లార్డ్ ఆఫ్ లైట్' ఒక్కటి పెట్టుకుని మిగతావాళ్ళందర్నీ వదిలేసి బేస్ ఒక్కదాని మీదే చెవి పెట్టండి.

ఇక ఒకే రిఫ్ అన్నారు కదా, మాకు నచ్చేది అదే. మా ఊరి రామాలయంలో ఏకాహం జరిగేటప్పుడు ఇరవై నాలుగు గంటలూ అదే నామం, ఒక జట్టు అలసిపోతే ఇంకో జట్టు అందుకుంటుంది, కాసేపు కూర్చుంటే విసుగనిపిస్తుంది, ఇంకాసేపు కూర్చుంటే లేవబుద్ధి కాదు. 'బ్రెయిన్‌స్టార్మ్' నాకు సరిగ్గా అలాగే పనిచేస్తుంది. ఒక్కో పాట విడిగా షఫుల్‌లో వింటే మాత్రం ఈ ఆల్బమ్ చచ్చిపోతుంది. పాటలు ఒకదాంట్లోంచి ఒకటి వస్తాయి, మధ్యలో ఖాళీ ఉండదు, సింథసైజర్ (సింథ్) శబ్దమో కవితో వచ్చి రెండింటినీ కలుపుతుంది.

పాతక్యాసెట్:
లోగొంతు గారు సంగీతం చెప్పేశారు, నేను మిగతా కథ చెప్తా. వీళ్ళు లండన్‌లోని లాడ్‌బ్రోక్ గ్రోవ్ వాళ్ళు, 1969లో మొదలయ్యారు, డబ్బులు తీసుకోకుండా వాయించిన షోలకే ఎక్కువ పేరు. 1972లో 'సిల్వర్ మెషీన్' సింగిల్ బ్రిటన్ చార్టులో 3వ స్థానం దాకా వెళ్ళింది. పాడింది లెమ్మీయే. అలా వచ్చిన డబ్బును పెద్ద స్టేజ్ షో మీద పోశారు. లిక్విడ్ లెన్ లైట్లు, స్టేషియా నాట్యం, స్టేజి అలంకరణ దగ్గర్నుంచి రికార్డు కవర్ దాకా బార్నీ బబుల్స్ డిజైన్. అంతరిక్ష నౌకలో నిద్రాణంగా పడి ఉన్న యాత్రికులకు వచ్చే కలలు, స్థూలంగా కథ అది. కవిత చదివేది రాబర్ట్ కాల్వర్ట్, ఈ ఊహలో పెద్ద వాటా ఆయనదే. 1972 డిసెంబరులో లివర్‌పూల్ స్టేడియంలోనూ లండన్ బ్రిక్స్‌టన్ సన్‌డౌన్‌లోనూ రికార్డు చేశారు.

అంటే మనకు దక్కింది సగం షోనే, కళ్ళకు సంబంధించింది పోయింది. అయినా ఆల్బమ్ చార్టులో 9 దాకా ఎక్కింది. రెండు ఎల్‌పీలు, పైగా ఇంత గోల! ఇప్పుడు ఏ కంపెనీ అయినా ఒప్పుకుంటుందా?

నిశాచరి:
ఏకాహం పోలిక నాకు ఎక్కలేదు. భజనలో భరోసా ఉంటుంది, ఇందులో నాకు వినపడేది భయం. 'సానిక్ అటాక్' వినండి. రాసింది సైన్స్ ఫిక్షన్ రచయిత మైకేల్ మూర్‌కాక్. కాల్వర్ట్ దాన్ని ప్రమాద సమయంలో ప్రభుత్వం చేసే ప్రకటన లాగా, ముక్కస్య ముక్కగా, మొహంలో ఏ భావమూ లేనట్టు చదువుతాడు. దాడి జరిగితే పక్కవాళ్ళని కాపాడబోకండి, మీ సంగతి మీరు చూసుకోండి, అదీ సారాంశం. వెనక డిక్ మిక్ ఆడియో జనరేటర్, డెల్ డెట్మార్ సింథ్ సైరన్లలా కూస్తుంటాయి. వాళ్ళిద్దరూ మామూలు అర్థంలో కీబోర్డు కళాకారులు కారు, ట్యూన్లు వాయించరు, హోరు పుట్టిస్తారు. ఫ్లాయిడ్ వాళ్ళ అంతరిక్షం శుభ్రంగా, చల్లగా ఉంటుంది. వీళ్ళ నౌకలో ఇంజన్ ఆయిల్ కారుతుంటుంది.

గుంటూరుగిటార్:
లోగొంతు గారూ, చెప్పినట్టే బేస్ పట్టుకుని మొదట్నుంచి విన్నా. 'లార్డ్ ఆఫ్ లైట్' వేరే పాటలా వినపడింది, ఇంతకు ముందు ఏం విన్నానో నాకే తెలీదు. 'ఆర్గోన్ అక్యుములేటర్' పదినిమిషాలు అలా గడిచిపోయింది, కాలు ఊగుతూనే ఉంది. సాక్సోఫోన్ మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు. ఆయన అసలు మిగతావాళ్ళను వింటున్నాడా?

పాతక్యాసెట్:
నిక్ టర్నర్‌ని ఏమీ అనకండి బ్రో 😄 ఫ్రీ జాజ్‌ని రాక్ బ్యాండ్‌లో వాయించాలన్నదే ఆయన పట్టుదల, శ్రుతి కుదిరిందా లేదా అన్నది తర్వాతి సంగతి. 2022లో పోయాడు. లెమ్మీ అంతకు ముందే, 2015లో.

గుంటూరుగిటార్:
సరే సరే, ఏమీ అనను. తర్వాత ఏం వినాలి?

లోగొంతు:
ఇందులో సగం పాటలు దానికి ముందు వచ్చిన 'డోరెమి ఫాసోల్ లాటిడో' ఆల్బమ్‌లో స్టూడియో రూపంలో ఉన్నాయి. 'స్పేస్ ఈజ్ డీప్' అక్కడ అకూస్టిక్ గిటార్‌తో మొదలవుతుంది, పోల్చి చూస్తే స్టేజి మీద ఎంత బరువెక్కించారో తెలుస్తుంది. కానీ మీరు ఫ్లాయిడ్ నుంచి వచ్చారు కాబట్టి దానికంటే ముందు 1974 నాటి 'హాల్ ఆఫ్ ద మౌంటెన్ గ్రిల్' పెట్టండి. సైమన్ హౌస్ వయొలిన్, మెలోట్రాన్‌తో (టేపు మీది శబ్దాలను మోగించే కీబోర్డు) వచ్చి చేరాడు, సౌండ్ బాగా తేటపడింది. ఆ పేరులో ఉన్నది కొండా కాదు కోటా కాదు, పోర్టోబెల్లో రోడ్డులో వీళ్ళు టిఫిన్ తినే హోటల్.