అప్‌డేట్: హన్మకొండ నుంచి అరకు, భీమిలి వెళ్లొచ్చాం

అమ్మానాన్నలతో కారులో 5 రోజులు అరకు, వైజాగ్ వెళ్లాలి, భద్రాచలం మీదుగా వెళ్లాలా, రాజమండ్రి హైవే పట్టుకోవాలా అని పోయిన నెల అడిగాను కదా, భద్రాచలం దారే పట్టాం, చెప్పిన అందరికీ చాలా థాంక్స్. చింతూరు దాటాక మారేడుమిల్లి ఘాట్‌లో మలుపు మలుపుకీ అమ్మకు కడుపులో తిప్పింది, నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంది, నేను రెండో గేర్‌లో మెల్లగా పోనిచ్చాను. చీకటి పడకముందే ఘాట్ దాటమన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. మారేడుమిల్లిలో వెదురు బొంగులోంచి ఆకులోకి చికెన్ దులపగానే పొగలు, ఆ వాసన! నాన్న ఇంకా అదే చెప్తున్నారు. మర్నాడే అరకు చేరాలనుకోవడం తప్పు, బాగా అలసిపోయాం, మధ్యలో లంబసింగిలో ఆగాల్సింది. బొర్రా గుహలు చూసి అనంతగిరి కాఫీ తోటల మీదుగా దిగాం. చివరి రోజు వైజాగ్ నుంచి భీమిలి, కుడి పక్కన సముద్రమే.