భోగికి ముందు ఆదివారం: మిగిలిన పనులు

శాన్ హోసే తమ్ముడు (బుధవారం)
అందరికీ నమస్కారం. రేపు విమానం ఎక్కుతున్నాం, శనివారం తెల్లారేసరికి ఊళ్ళో ఉంటాం. ఆదివారం మన సంఘం పండగ భోజనాలకి మిగిలిన పనులివి: మైకు సెట్టు, ముగ్గుల పోటీకి రంగులు, బ్యానరు, రాజమండ్రి ఎయిర్‌పోర్టుకి రెండు కార్లు, స్టీలు సామాను అద్దె. ఎవరిది ఏదో ఈ రాత్రికే రాయండి.

కొత్తపేట బాబాయి
ముందు స్టీలు సంగతి తేలాలిరా. మండపం ఆయన ఇవాళ కుదరదన్నాడు. లోపల అంట్లు తోమడానికి వీల్లేదట. వెనక మోరీ సన్నం, మొన్నోసారి పొంగి వంటశాలలోకి వచ్చిందట. "కాగితం ప్లేట్లు తెచ్చుకోండి, ఏ గొడవా ఉండదు" అంటాడు. సప్లై కంపెనీ అతనికేమో టిఫిను ప్లేట్లు, గ్లాసులు, పాయసం గిన్నెలు మూడేసి వందలు చెప్పేశాను. ధనుర్మాసం, ముహూర్తాల్లేవు, అడగ్గానే ఇస్తానన్నాడు.

ఫ్రీమాంట్ అన్నయ్య
అయితే ఈ ఏడాదికి కాగితంవే కానిద్దాం. తోమేవాళ్ళ కూలి లెక్కలో లేనే లేదు, చేతిలో మిగిలింది కూడా తక్కువ. ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు ఎలాగూ 2022 జులై నుంచి నిషేధం. కాగితానికేం తప్పు?

అంబాజీపేట వదిన
తప్పే అన్నయ్యగారూ. ఆ కప్పు చింపి చూడండి, లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది లేకపోతే టీ నిలవదు. కిందటేడు భోజనాల మర్నాడు పొద్దున్నే కాలవ లాకు దాకా వెళ్ళాను. తలుపుల దగ్గర గుర్రపుడెక్కలో చిక్కుకుని తెల్లగా తేలుతున్నాయి, మన సంఘం బొమ్మ వేయించిన కప్పులు. ఒకటి తీసి ఇంటికి తెచ్చాను, ఇంకా నా దగ్గరే ఉంది. బొబ్బర్లంక దగ్గర గోదావరి నుంచి వచ్చే ఆ కాలవ నీళ్ళతోనే చెరువు నింపుకుని వేసవంతా తాగుతామండి. భోజనానికి అరిటాకు వేసినా టిఫిను ప్లేటు, రెండు టీలు, మూడు సార్లు మంచినీళ్ళు, పాయసం కప్పు, తలకి ఏడు. 600 మందికి 4,200. ఎక్కడ పారేస్తారు?

ఫ్రీమాంట్ అన్నయ్య
కాలవ నేనే పాడుచేసినట్టు రాస్తున్నావు చెల్లెమ్మా. ఆరు నెలల నుంచి ఇంటింటికీ ఫోన్లు చేసి చందాలు పోగుచేసింది ఎవరు?

అంబాజీపేట వదిన
మీరే. కాదన్నానా? కానీ మీరు వెళ్ళిపోయాక అవన్నీ ఏరేది మా వీధి ఆడవాళ్ళు. వాళ్ళ కూలి మాత్రం ఏ లెక్కలోనూ ఉండదు.

కొత్తపేట బాబాయి
ఇద్దరూ కాసేపు ఆగండి. నేను తోట దాకా వెళ్ళొస్తాను.

శాన్ హోసే చెల్లి
అన్నయ్యా, మన కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 2020 నుంచి వాడి పారేసే కప్పుకి 25 సెంట్లు వేస్తున్నారని నువ్వే స్టీలు మగ్గు మోసుకెళ్తావు కదా. కాలిఫోర్నియాలో 2019లో చట్టం మార్చాక పండగల్లో పెట్టే తాత్కాలిక స్టాళ్ళలో కూడా కడిగి వాడే సామానుకి దారి దొరికింది. కడిగే పద్ధతి ఇది: మూడు తొట్లు. మొదటిది సబ్బునీళ్ళు, రెండోది మంచినీళ్ళు, మూడోది 77 డిగ్రీల వేడినీళ్ళు, అందులో 30 సెకన్లు ముంచాలి. గుడ్డతో తుడవొద్దు, బోర్లించి ఆరనివ్వాలి. థర్మామీటరు నా సూట్‌కేసులో పెట్టేశాను.

కొత్తపేట బాబాయి
మండపం వద్దు, మా కొబ్బరితోటలో పెట్టేద్దాం. బోరు ఉంది, నీడ ఉంది. బంతికి 150 మంది, నాలుగు బంతులు. ఒక బంతి తింటుంటే ముందు బంతివి కడుగుతాం, అందుకే 300 అన్నాను. మెతుకులు కుడితిలోకి దులిపి, సబ్బునీళ్ళకి వేరే గుంట తవ్విస్తాను. ఎంగిలి ఆకులు గేదెలకి. మండపం అడ్వాన్సు సగమే వెనక్కిస్తాడట, అదంతా షామియానాకే సరి.

ఫ్రీమాంట్ అన్నయ్య
మరి కూలి?

అంబాజీపేట వదిన
గ్లాసులూ గిన్నెలూ అద్దెకి వద్దండి, ఆ డబ్బు తోమేవాళ్ళకిద్దాం. వీధిలో ఇంటికి పది చొప్పున అడుగుతాను. అందరి సామాను మీదా పేర్లు చెక్కే ఉంటాయి, కలిసిపోయినా పోవు. మా అత్తగారు కాపరానికి తెచ్చుకున్న పన్నెండు గ్లాసులు అటక మీంచి దించాను. చుక్కల అక్షరాలతో ఆవిడ పేరు, కింద 1978. ఇన్నేళ్ళు తోమినా అక్షరం చెరగలేదు.

ఫ్రీమాంట్ అన్నయ్య (గురువారం)
రాత్రి పొరపాటుగా మాట్లాడాను చెల్లెమ్మా, ఏమీ అనుకోకు. బ్యానరు డబ్బు కూడా ఇందులోనే కలుపుతున్నాను. తోమే ఆరుగురికీ పూర్తి రోజు కూలి, భోజనం మొదటి బంతిలో.

అంబాజీపేట వదిన
మరేనండి, వాళ్ళు ముందు తినాలి. నేనూ కాస్త గట్టిగానే అన్నాను.

శాన్ హోసే తమ్ముడు
మైకు ఎవరైనా చూశారా?

అంబాజీపేట వదిన
సాయంత్రానికి 26 ఇళ్ళు. గ్లాసులు 280, గిన్నెలు 190. గిన్నెలింకా కావాలి, రేపు అవతలి వీధికి వెళ్తాను. ఏ ఇంటివి ఎన్నో పుస్తకంలో రాస్తున్నాను, ఒక్కటి తగ్గినా నా పూచీ.

కొత్తపేట బాబాయి
వేడినీళ్ళకి గుండిగ దొరికింది, కట్టెలు కొట్టించాను. దాని దగ్గర నిలబడేవాళ్ళు కావాలి, బంతికొకరు.

శాన్ హోసే తమ్ముడు
బోర్డింగ్ పిలుస్తున్నారు. మొదటి బంతికి నా పేరు రాయి బాబాయి.

ఫ్రీమాంట్ అన్నయ్య
రెండూ మూడూ నావి.