వెదర్ రిపోర్ట్‌లో వేన్ షార్టర్ అన్నేళ్ళు వృథా చేసుకున్నాడా?

ఘంటస్తంభం (విజయనగరం):
2023 మార్చి 2న అమెరికన్ జాజ్ సాక్సాఫోన్ వాద్యకారుడు వేన్ షార్టర్ పోయాడు, లాస్ ఏంజెల్స్‌లో, 89 ఏళ్ళు. రెండ్రోజుల్నుంచి ఎక్కడ చూసినా దండలూ దీపాలే, లెజెండ్ అన్న మాట తప్ప ఇంకో మాట లేదు. నాకూ బాధగానే ఉంది, పాతికేళ్ళ నుంచి వింటున్నవాణ్ణి. కానీ మనిషి పోయాడు కదా అని నోటికొచ్చినట్టు పొగిడేస్తే ఆయన్ని విన్నట్టు అవదు, అందుకే ఒకటి అడుగుతున్నాను, మీద పడకండి.

డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ బ్యాండులో 1959 నుంచి అయిదేళ్ళు, తర్వాత ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ గ్రూపులో హెర్బీ హాన్‌కాక్ (పియానో), రాన్ కార్టర్ (బేసు), టోనీ విలియమ్స్ (డ్రమ్సు) పక్కన ఇంకో అయిదారేళ్ళు, ఆ కాలంలో టెనర్ సాక్సు (లోతు గొంతు సాక్సాఫోన్) మీద ఆయన వాయించిందీ రాసిందీ వింటే మతిపోతుంది. అలాంటివాడు 1970లో కీబోర్డు వాయించే జో జవినుల్‌తో కలిసి వెదర్ రిపోర్ట్ అనే బ్యాండు పెట్టాడు. అక్కణ్ణుంచి 80ల మధ్య దాకా ఏముంది, కీబోర్డుల హోరు, జాకో పస్టోరియస్ బేసు, మధ్యలో ఈయన సోప్రానో (సన్న గొంతు సాక్సు) మీద నాలుగు ముక్కలు పలికించి ఊరుకోవడం. 1977లో వచ్చిన హెవీ వెదర్ ఆల్బం తీసుకోండి, ఎనిమిది ట్రాకుల్లో ఈయన రాసినవి రెండే. ఇంటి పెద్దకొడుకుని వీధరుగు మీద కూచోబెట్టినట్టు లేదూ?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మాస్టారూ మీరు స్వరాలు లెక్కెట్టి కూలి కడుతున్నారు. ఎన్ని వాయించాడు అని కాదు కదండీ.

మీకు అంత ఇష్టమైన మైల్స్ గ్రూపులోనే 1967లో నెఫర్టీటీ అనే పాట రికార్డు చేసారు, అది షార్టర్ రాసిందే, గుర్తుందా. ట్రంపెట్టూ సాక్సూ మొదట్నించి చివరిదాకా అదే పాటని తిప్పుతూనే ఉంటాయి, మామూలుగా జాజ్‌లో పాట ఒకసారి చెప్పేసి ఎవరి సోలో వాళ్ళు అందుకుంటారు కదా, ఇందులో సాక్సుకి సోలో లేదు ట్రంపెట్టుకి సోలో లేదు, కింద టోనీ విలియమ్స్ డ్రమ్సు మాత్రం రాజుకుంటూ రాజుకుంటూ పోతాది. అంటే పక్కకి తప్పుకుని అవతలోడికి దారివ్వడం అన్నది ఈయనకి జవినుల్ నేర్పింది కాదు, ముందునుంచీ ఉన్న గుణం.

బొబ్బిలి వీణ:
నాకు జాజ్ అంతంతమాత్రం, మా అబ్బాయి పెడితే వింటాను. నెఫర్టీటీ ఇప్పుడే విన్నాను. మొదట మన పల్లవి తిప్పడంలాగే అనిపించింది కానీ కాదండీ, మనం తిప్పినప్పుడల్లా ఒక సంగతి పెంచుకుంటూ పోతాం, వీళ్ళు ఏమీ పెంచట్లేదు, ఇద్దరూ కొంచెం ముందూ వెనకా అవుతున్నారంతే, ఒకరి నీడలో ఒకరు నడుస్తున్నట్టు. పెంచేదంతా డ్రమ్సాయన. ఊరేగింపులో దేవుడు నెమ్మదిగా కదుల్తుంటే ముందు డోలు వాళ్ళు చెలరేగిపోతారే, అలా ఉంది. బావుంది. వృథానా కాదా అంటే మాత్రం నాకు తెలీదు.

ఆముదాలవలస ప్యాసింజర్:
సాక్సాఫోన్ అంటే మనకి కద్రి గోపాల్‌నాథ్ గారు, 2019లో ఆయన పోయినప్పుడు ఇక్కడ ఎంతమంది ఏడ్చారు? నాదస్వరం వాయించే తండ్రికి పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సు విని అదే కావాలని పట్టుబట్టి, మీటలున్న వాయిద్యం మీద గమకం పలికించిన మనిషి. 1994లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవంలో వాయించారు. అమెరికా వాడికి ఇన్ని పోస్టులా.

బొబ్బిలి వీణ:
ఆయన మీదా వేరే పోస్టు పెట్టండి బాబూ, తప్పకుండా రాస్తాం. కానీ మనదీ వాళ్ళదీ అని ఇక్కడ గీత గీస్తే ఎలా? ఫిడేలు ఎక్కణ్ణుంచి వచ్చింది? 1919లో విజయనగరంలో సంగీత కాలేజీ పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాలు, చదువుకుందామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు విని నువ్వు పాఠం చెప్పుకోవడం కాదు పాఠం చెప్పు అని మేష్టరుగా పెట్టుకున్నారు. ఇవాళ మన ఊళ్ళో ఫిడేలుని తెల్లోళ్ళ వాయిద్యం అనే మనిషి ఉన్నాడా? గోపాల్‌నాథ్ గారు కూడా 1980లో బొంబాయి జాజ్ యాత్ర ఉత్సవంలో అమెరికన్ జాజ్ సాక్సు వాద్యకారుడు జాన్ హాండీతో కలిసి వాయించినాయనే. సరే, దారి తప్పాం, మాస్టారి ప్రశ్నకి రండి.

బ్యాండుమేళం మనవడు:
మీరంతా బాగా ఇన్నోళ్ళు, నాకీ వెదరూ గిదరూ తెలీదు, నిన్న ఎవరో పంపితే ఇన్నాను. మా తాత పార్వతీపురం కాడ బ్యాండు మేళంలో సాక్సు వాయించేవోడు. పెళ్ళి ఊరేగింపులో ఏటంటే, ట్రంపెట్టోడూ క్లారినెట్టోడూ పాట మోస్తారు, సాక్సు కింద నుంచి ఆసరా ఇస్తాది. రెండు గంటలు పోనాక ట్రంపెట్టోడికి పెదాలు వాసిపోతాయి, అప్పుడు తాత పాట అందుకోవాల. అంతవరకూ రీడ్ (ఊదే కాడుండే రెల్లు ముక్క) ఊడదీసి నోట్లో ఎట్టుకుని నానబెట్టుకుంటా నడిచేవోడు, ఎండిపోతే కీసుమంటాది కదా. నేను లైట్లు మోసినోళ్ళ ఎనకాల నడుస్తా తాతా నువ్వేటి వాయించవు అనడిగితే నోట్లో రీడ్ తియ్యకండానే గెడ్డంతో డప్పులోళ్ళ వైపు సూపించేవోడు, ఆళ్ళని ఇను అన్నట్టు. తెల్లారి వాటాలేసుకున్నప్పుడు ఎక్కువ వాయించినోడికి ఎక్కువ లేదు, అందరికీ సమానమే.

అయితే ఇంకోటుంది. ఒకేడు ఆళ్ళ పార్టీలో కీబోర్డు కొన్నారు, బండి మీదెట్టి ఎదర రెండు పెద్ద బాక్సులు. ఆ ఏడాది తాత బుగ్గలు ఉబ్బించి వాయించినా ఒక్కడికీ ఇనబళ్ళేదు, సాక్సుకి మైకు ఇమ్మంటే ఇవ్వలేదు. రెండు సీజన్లు సూసి మానీసినాడు. మాస్టారు అంటన్నది అదేనేమో అనిపించింది నాకు. తాత ఊరుకున్నదీ ఉంది, తాత ఇనబడంది కూడా ఉంది. బయటనుంచి సూసినోడికి రెండూ ఒకలాగే ఉంటాయి.

ఘంటస్తంభం:
బాబూ నువ్వెవరో గానీ నేను నాలుగు పేరాల్లో చెప్పలేంది చెప్పావు. నాగావళి గారూ, నెఫర్టీటీలో ఆయన ఊరుకున్నాడు, ఒప్పుకుంటాను, వెదర్ రిపోర్ట్‌లో కీబోర్డు కింద పడిపోయాడు. అనుమానముంటే అదే 1977లో స్టీలీ డాన్ అనే రాక్ బ్యాండు వాళ్ళ ఏజా పాట వినండి, వాళ్ళు పిలిస్తే వెళ్ళి టెనర్ మీద ఒక్క సోలో వాయించి వచ్చాడు, రోమాలు నిక్కబొడుచుకుంటాయి. పొరుగింట్లో అంత గొంతెత్తినవాడు సొంతింట్లో గుసగుసలాడుతున్నాడంటే ఇల్లు సరిగ్గా లేనట్టే కదా.

నాగావళి గట్టు:
తమ్ముడూ తాతగారి ముచ్చట బావుంది. అయితే తాతగారికి మైకు ఇవ్వలేదు, షార్టర్‌కి ఎవరు ఇవ్వలేదండి? ఆ బ్యాండు ఆయన కూడా కలిసి పెట్టిందే. హెవీ వెదర్‌లోనే ఎ రిమార్క్ యూ మేడ్ అని ఉంది, రాసింది జవినుల్, అందులో పాట మోసేది ఎవరు, షార్టర్ టెనరే. 1979లో వచ్చిన లైవ్ ఆల్బం ఎయిట్ థర్టీలో ఒక పాటలో అయితే కీబోర్డు లేదు బేసు లేదు డ్రమ్సు లేదు, స్టేజీ మీద ఒక్కడే, టెనర్ సాక్సు ఒక్కటే. నోరు నొక్కేసేవాళ్ళయితే స్టేజీ ఒదిలేసి పక్కకెళ్ళి నిలబడతారేటి?

ఘంటస్తంభం:
ఆ ఒక్కటీ చూపించి మిగతా అన్నేళ్ళకీ చెల్లు అంటే ఎలాగండీ. పండగనాడు పులిహోర పెట్టాం కదా అన్నట్టుంది.

నాగావళి గట్టు:
సరే, వెదర్ రిపోర్ట్ పక్కనెట్టండి. 2000లో సొంత క్వార్టెట్ (నలుగురి బ్యాండు) పెట్టాడు కదా, డానిలో పెరేజ్ పియానో, జాన్ పాటిటూచి బేసు, బ్రయన్ బ్లేడ్ డ్రమ్సు. అక్కడ జవినుల్ లేడు, కీబోర్డుల హోరు లేదు, యజమాని ఈయనే. అక్కడైనా ఏం చేసాడు? ఒక ముక్క పలికించి ఆగుతాడు, పియానో ఆయన దాన్నందుకుని ఎటో పట్టుకుపోతాడు, ఈయన వింటా నిలబడతాడు, మళ్ళీ ఎక్కడో సోప్రానో మీద ఒక కేక. ఎవరూ అడ్డులేని చోట కూడా అలాగే వాయించాడంటే అది ఆయన పద్ధతి కాక ఏటి?

ఘంటస్తంభం:
ఇది కొంచెం గట్టి దెబ్బే. అప్పటికి ఆయనకి 67 ఏళ్ళు, ఊపిరి అందక అనొచ్చు, కానీ ఆ కేకలు వింటే ఊపిరికి లోటున్న మనిషిలా లేడు, కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వృథా అన్న మాటా తీసేస్తాను. కానీ ఆ 70ల ఆల్బంలు మిక్సింగ్ చేసిన తీరులో సాక్సుకి అన్యాయం జరిగిందన్నది మాత్రం ఒదలను.

బ్యాండుమేళం మనవడు:
మీరు సెప్పిన ఎయిట్ థర్టీ పాట ఇన్నాను, ఒక్కడే వాయించింది. ఆ మజ్జలో ఊపిరి తీసుకున్న సోట్ల కూడా పాట ఆగినట్టు లేదు. తాత సాక్సు మా అటక మీదుంది గానీ ప్యాడ్లు (కన్నాలు మూసే మెత్తలు) ఎలకలు కొట్టేసినాయి, కింది స్వరాలు పలకవు. బాగు చేసేవోళ్ళు విజయనగరంలో ఎవరైనా ఉంటే సెప్పండి, విశాఖ అయినా పర్లేదు.

బొబ్బిలి వీణ:
కాలేజీ దగ్గర అడిగి చెప్తాను బాబూ. ఈలోగా దాన్ని అటక మీంచి దింపు ముందు.

ఘంటస్తంభం:
నిన్న రాత్రి మళ్ళీ హెవీ వెదర్ పెట్టాను. ఆ కీబోర్డు కొంచెం తగ్గిద్దామని ఈక్వలైజర్ అటూ ఇటూ తిప్పాను, కీబోర్డుతో పాటు సాక్సు కూడా పోయింది.

నాగావళి గట్టు:
ఆ స్పీకర్లు మార్చండి మాస్టారూ, ఎన్నాళ్ళని.